దోర్నకలు అజరయ్యగారును మన పల్లెల పరిచర్యయు



వార్షిక మహాసభ సంచికకు ఏదైనను చరిత్ర విషయము వ్రాయవలసినదని కార్యనిర్వాహకులు కోరగా, ఏమి వ్రాయుదుమా యని మేము కొంతకాలము తర్కించితిమి. ఇట్టి సంచికలయందు ప్రతి కులమునకును ఒక రాజవంశమును, ఒక మూలఋషిని వెదకి తెచ్చుట వాడుక. మేమును నాలుగు సంస్కృత గ్రంథములు చదివినవారమే గనుక అట్టి వంశవృక్షము నొకదానిని అల్లుట మాకు కష్టము గాదు. అయినను మన తాతముత్తాతల బ్రదుకును నిజముగా మార్చిన చరిత్ర రాచనగరులలో జరుగలేదు. ఎడ్లబండ్లమీదను, వేపచెట్ల నీడలయందును, రాత్రివేళ లాంతరు చుట్టును జరిగినది. దానినే యిందు వ్రాయ నుద్యమించితిమి.

1841 లో రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు అను ఇరువురు ఆంగ్లేయ మిషనరీలు మచిలీపట్టణమున దిగిరి. నోబుల్ దొరగారు 1843 లో ఒక పాఠశాల తెఱచిరి. అగ్రవర్ణముల బిడ్డలు విద్యావంతులై క్రైస్తవులైనచో ఆ వెలుగు క్రమముగా క్రింది జాతులకు దిగివచ్చునని వారి యాశ. ఆ పాఠశాలలో మన బిడ్డలకు తావు లేదు. ఆ లెక్క తప్పిపోయెను. వెలుగు వారెదురుచూడని దిక్కున కనబడినది. కృష్ణా మండలమున నైజాము సరిహద్దునకు దాపున రాఘవాపురమను గ్రామము గలదు. అచ్చటి మాలపల్లెలో పగోలు వెంకయ్యగారను వారుండిరి. విగ్రహము దేవుడు గాదన్న మాట చెవినిబడిన నాటినుండి ఆయన పూజలు మాని, పేరు తెలియని దేవుని ప్రార్థించుచు ఏండ్లకేండ్లు గడపిరి. 1859 లో బెజవాడలో డార్లింగు దొరగారిని కలిసికొని, ఆ సంవత్సరముననే బాప్తిస్మము పొందిరి. ఇట్లే ఒంగోలు సీమలో తోళ్ళ వ్యాపారము చేసికొను యెఱ్ఱగుంట్ల పేరయ్యగారను మాదిగ కులస్థులు 1866 లో అమెరికను బాప్తిస్టు మిషనులో చేరి, తమవారి నడుమ ఊరూర తిరిగి బోధించిరి.

ఈ రెండు వృత్తాంతములయందును గమనింపవలసిన దొకటి గలదు. వీరిరువురును దొర పిలువగా లేచినవారు గారు. దొర కనబడక మునుపే దేవుని వెదకుచు తిరిగినవారు. పేరయ్యగారు పోతులూరి వీరబ్రహ్మముగారి సంప్రదాయమున రాజయోగము నభ్యసించినవారు. మనవారికి విచారణ లేదనియు, ఎవరో చేయిపట్టి లాగగా పోయిరనియు వ్రాయువారు ఈ సంగతి నెఱుగరు, లేక ఎఱిగియు వ్రాయరు.

కూటికై చేరిరను మాట కూడ తఱచుగా వినబడును. 1876 మొదలు 1878 వఱకు చెన్నపురి రాజధానిని దహించిన కఱవులో ఒంగోలు మిషనరీయైన క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు దీసికొని, వేలమందికి పని కల్పించిరి. పూర్వాశ్రమమున భూమి కొలతలు చేసినవారగుటచే ఆ పని వారికి చేతనగును. అయితే కఱవు కాలమున బాప్తిస్మ మిచ్చుట ఆపివైచిరి. కూలి చెల్లించుట ముగిసిన పిమ్మట, 1878 జూలై 3 తేదీన, గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆకలినాడు అన్నము పెట్టిన చేతిని జనులు మఱవరు. ఆ కృతజ్ఞత యిందు లేదని మేమనము. కృతజ్ఞత నేరమని మాత్రము ఒప్పుకొనము.

ఇట్లు దుక్కియైన పొలమునకు కాపుగా వచ్చినవారు మన భాషవారు గారు. 1874 ఆగస్టు 17 తేదీన తిరునల్వేలి సీమలో వెళ్ళాలన్‌విళై యను పల్లెయందు వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు జన్మించిరి. తండ్రి తోమా వేదనాయకముగారు గ్రామ గురువు. అజరయ్య యనునది హెబ్రీ శబ్దము. దేవుడు సహాయము చేసెనని దాని యర్థము. వేదనాయకము శుద్ధ సంస్కృత సమాసము. తమ గ్రంథమును వేదమని పిలుచుకొనుట తమిళ క్రైస్తవులలో పూర్వాచారము. ఒకే మనుష్యుని పేరిట హెబ్రీయును సంస్కృతమును ఇంత స్నేహముగా కూర్చుండుట మా బోటి పండితులకు ముచ్చట గొలుపును.

వారిది నాడారు కులము. తాటిచెట్టెక్కి నీరా దింపుట ఆ కులమున బహుజనుల వృత్తి. గుడి వాకిలి వారికి మూయబడియుండెను. తిరువాన్కూరు సీమలో ఆ స్త్రీలు పైవస్త్రము కప్పుకొను హక్కునకై దెబ్బలు తిని పోరాడిరి. అచ్చటి ప్రభుత్వము వారికి అనుమతినిచ్చినది, మన వెంకయ్యగారు బాప్తిస్మము పొందిన 1859 లోనే. కావున దోర్నకలునకు వచ్చిన ఈ పరదేశికి మన పల్లెల అవమానమును ఎవరును క్రొత్తగా బోధింప నక్కఱ లేకపోయెను.

అజరయ్యగారు చెన్నపురి క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని కడపటి పరీక్ష నీయలేదు, పట్టము పొందలేదు. 1920 లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము వారికి గౌరవ పట్టము నిచ్చెను. పరీక్షలే పరమార్థమని ముప్పది యేండ్లు బాలురకు నూరిపోసిన మేము ఈ వాక్యము వ్రాయునపుడు ఒకింత సిగ్గుపడుచున్నాము. 1895 నుండి యువజన క్రైస్తవ సంఘమున పనిచేయుచు దేశమంతట తిరిగిరి. 1902 లో యాళ్పాణమునకు పోయినపుడు, అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో పరసీమలకు బోధకులను పంపుట చూచి, ఇంతమంది యున్న తిరునల్వేలి వారికి ఆ యాలోచనయే లేదే యని నొచ్చుకొనిరి. ఆ నొప్పి ఫలమే 1903 లో పాళయంకోటలో పుట్టిన తిరునల్వేలి ఇండియను మిషనరీ సంఘము. 1905 క్రిస్మసు దినమున శ్రీరామపురములో జాతీయ మిషనరీ సంఘము స్థాపితమైనది. భారతీయ మనుష్యులు, భారతీయ ధనము, భారతీయ నిర్వహణము అనునవి దాని మూడు నియమములు. అది వంగ విభజన జరిగిన సంవత్సరము. బజారులో విదేశ వస్త్రములు తగులబడుచుండగా, దేవాలయములో ఈ విధమైన స్వదేశి వ్రతము పుట్టినది. స్వాతంత్ర్య చరిత్ర వ్రాయువారు దీనికొక పంక్తియైనను కేటాయింపకుండుట వింత.

బోధింపుడని యితరులను పంపి తాము పట్టణమున నుండుట వారికి నచ్చలేదు. 1909 లో గురుదీక్ష పొంది, ముప్పదియైదవ యేట దోర్నకలు చేరిరి. అది నైజాము రాజ్యమున, సింగరేణి బొగ్గు గనులకు పోవు రైలుదారి చీలుచోట నున్న చిన్న యూరు. తెలుగు అక్షరములు అప్పుడు నేర్చిరి. 1910 లో ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభలో, విదేశ మిషనరీలు భారతీయులకు ధనమును త్యాగమును ఇచ్చిరి గాని సమానులతోడి స్నేహము నీయలేదని మొగముమీదనే చెప్పి, స్నేహితులను వేడిరి. సభలోనివారు కొందఱు కోపగించిరి. 1912 డిసెంబరు 29 తేదీన కలకత్తా సెంటుపాలు దేవాలయమున వారికి బిషప్పు అభిషేకము జరిగెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి కెక్కిన తొలి భారతీయులు వారే. ఆక్షేపణలు విదేశీయులనుండియే గాక స్వదేశ క్రైస్తవులనుండియు వచ్చెను. ఆక్షేపించిన స్వదేశీయుల మనసులో ఏ మాట మెదలెనో మనము ఊహింపగలము. ఆ మాటను మనమందఱము చిన్ననాటనే వినియున్నాము.

అప్పుడు వారి యేలుబడిలోనిది చిన్న మండలము. తరువాత కృష్ణా ప్రాంతపు సంఘములును అందు చేరెను. 1935 నాటికి దీక్షపొందిన భారతీయ గురువులు 250 మంది, గ్రామోపాధ్యాయులు రెండువేలకు పైబడియుండిరి. 1941 నాటికి ఆ మండలపు క్రైస్తవులు రెండులక్షలకు పైబడిరి. ఈ యంకెలలో ప్రధానమైనది రెండువేలమంది ఉపాధ్యాయులని మా యభిప్రాయము. బిషప్పుగారు ఎడ్లబండిమీద ఊరికి వచ్చునది ఏడాదికో, రెండేండ్లకో ఒకమాఱు. తక్కిన దినములన్నియు ఆ పంతులువే.

మా పితామహులు అట్టి పంతులు. కృష్ణా మండలమున ఒక పల్లెలో తాటాకు పాకయే బడి, ఆదివారము అదియే గుడి. పగలు పిల్లలకు ఓనమాలు. ప్రొద్దుగుంకి కూలిజనము పొలమునుండి వచ్చి, గంజి త్రాగిన పిమ్మట పెద్దలకు పాఠము. చాపలు పఱచి లాంతరు నడుమ నుంచి, మొదట పురుషోత్తమ చౌదరిగారి కీర్తన యొకటి పాడుదురు. తరువాత పంతులు ఒక కథ చెప్పును. చెప్పినదానిని ప్రశ్నలు వేసి మరల చెప్పించును. ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము అక్షరము రానివారికి నోటికి వచ్చువఱకు ఇదియే వరుస. బిషప్పుగారు వచ్చినపుడు పెద్ద ప్రసంగ మేమియు చేయరట. పంతులు నేర్పిన కథనే యెత్తికొని ముదుసలులను, పిల్లలను ప్రశ్నించుచు, వారి జవాబులనుండియే బోధ నడుపుదురట. వయస్సు మీఱినపిదప నేర్చిన భాషయగుటచే తెలుగున వారికి గొప్ప మాటలు తోచవనియు, అది మనకు మేలైనదనియు మా పితామహులు నవ్వుచు చెప్పుచుండిరి.

ఈ సందర్భమున మా తప్పొకటి చెప్పుకొనవలెను. మేము సంస్కృతము చదువబూనిన దినములలో, మా కులము తెలిసినపిదప ఒకానొక పాఠశాలలో మమ్ము వెనుక బల్లపై విడిగా కూర్చుండబెట్టిరి. ఆ రోషమున అమరమును, రఘువంశమును కంఠస్థము చేసితిమి. సెలవులకు ఇంటికి వచ్చినపుడు మా పితామహులు ఆదివారము మమ్ము మాటలాడు మనిరి. తప్పిపోయిన కుమారుని కథపై గంటసేపు సమాసములు కురిపించితిమి. వాకిట ఒక వృద్ధురాలు మా తల నిమిరి, "బాగా చదివినావు నాయనా. ఇంతకూ ఆ పిల్లవాడు ఇంటికి వచ్చినాడా?" అని యడిగెను. మా పితామహులు ఏమియు ననలేదు. మఱునాటి రాత్రి ఆ కథనే తాము చెప్పిరి. పందులు మేపుట, పొట్టు తినుట, దూరమునుండి తండ్రి చూచి పరుగెత్తుట, అంతే. ఆ వృద్ధురాలు కన్నుల నీరు పెట్టుకొనెను. అగ్రవర్ణముల విద్యను గెలిచి తెచ్చితిమనుకొన్న మేము, ఆ విద్యతోనే మా వారిని వెనుక బల్లపై కూర్చుండబెట్టితిమి.

మురికి, అప్పు, రోగము, త్రాగుడు, వీనిని బిషప్పుగారు పల్లెలను పట్టిన దయ్యములని పేర్కొనుచుండిరి. వీని సరసన అనైక్యమును కూడ లెక్కించిరి. మొదటి నాల్గింటిని గూర్చి మనవారు సంతోషముగా వినిరి. అయిదవదానికడ చిక్కు వచ్చెను. కృష్ణా ప్రాంతమున ముందుగా సంఘమున చేరినవారు మాలలు. పిమ్మట మాదిగలు రాగా, ఒకే పాత్రలోని రసము త్రాగుటకు మొదటివారు వెనుదీసిరి. ఒకే బావి, ఒకే బడి, ఒకే బల్ల యనుటకు వెనుదీసిరి. తాటిచెట్టు కులమున బుట్టి, క్రిందు మీదులు రెండును ఎఱిగిన అజరయ్యగారు ఈ విషయమున మాత్రము మెత్తబడలేదు. కులమును వెంటబెట్టుకొని ప్రభువు బల్లకు రాగూడదని వారి తీర్పు. 1920 ల తరువాత ఊరిలోని శూద్ర కులములవారును వేలకొలది రాగా, వారిని కూర్చుండబెట్టినదియు ఆ బల్లకడనే. తీర్పు చెప్పినంత మాత్రమున పల్లె మాఱలేదు. వివాహములయందును, శ్మశానములయందును గీతలు నిలిచెను, నేటికిని పూర్తిగా చెరగలేదు. ఒక కులసంఘపు సంచికలో ఈ మాట వ్రాయుట మాకు సంకోచముగానే యున్నది. సభలో మనము పైవారినుండి కోరునదియు, వాడలో మన పొరుగువానికి ఇచ్చునదియు పక్కపక్కనుంచి చూచుకొనక తప్పదు.

దేశవ్యవహారములయందు అజరయ్యగారి నడవడిని గూర్చి పెద్ద వాదములు జరిగినవి. 1936 లో గాంధీ మహాత్ముడు మోటు దొరగారితో సంభాషించుచు, గోవునకు సువార్త బోధింతురా యని ప్రశ్నించి, గ్రహణశక్తియందు అస్పృశ్యులు కొందఱు అంతకును తక్కువవారని పలికెను. అది హరిజన పత్రికయందే అచ్చుపడినది. మహాత్మునిపై మాకు గల భక్తి కొఱవడినది గాదు. అయినను ఈ మాటను భక్తి కప్పజాలదు. రాఘవాపురపు వెంకయ్యగారు ఆ మాట వినియుండిన ఏమనియుందురో! పల్లెజనము తెలిసియే చేరుచున్నదనియు, వారి బ్రదుకున వచ్చిన మార్పును చూచియే ఊరివారు వచ్చుచున్నారనియు బిషప్పుగారి వాదము. ఇద్దఱును మంచివారే, ఇద్దఱును దేశభక్తులే. వారి వాదమునకు విషయమైన జనమును మాత్రము ఆ వాదములోనికి ఎవరును పిలువలేదు.

అట్లని బిషప్పుగారు ప్రభుత్వపక్షము వారు గారు. 1932 లో ఆంగ్ల ప్రధానమంత్రి మతములవారీగా నియోజకవర్గములను ప్రకటించి, భారతీయ క్రైస్తవులకును ప్రత్యేక స్థానములు చూపినపుడు అజరయ్యగారు దానిని ప్రతిఘటించిరి. క్రైస్తవ సంఘము ఒక రాజకీయ వర్గమైనచో, ప్రతి బాప్తిస్మమును ఒక వోటుగా పొరుగువాడు లెక్కించును; అప్పుడు బోధకుని మాట నెవరు నమ్ముదురు? వారి తర్కము ఇది. తమవారికి దక్కు లాభమును తామే వలదనిన నాయకులు ఏ కాలమునందైనను అరుదు. వారి మాట చెల్లలేదు. 1935 చట్టమున ఆ స్థానములు ఏర్పడెను. స్వతంత్రము వచ్చినపిదప 1949 లో రాజ్యాంగ సభయందు, క్రైస్తవుడైన హరేంద్రకుమార ముఖర్జీగారు ఉపాధ్యక్షులుగా నుండగా, మతమునుబట్టిన స్థానములు విడువబడెను.

ఇక మన పల్లెలకు తగిలిన దెబ్బ వేఱొకటి. 1936 నాటి షెడ్యూలు కులముల ఉత్తరువుననే భారతీయ క్రైస్తవుడు ఆ పట్టికలోనివాడు గాడని వ్రాయబడెను. 1950 లో రాష్ట్రపతి ఉత్తరువు హిందువులకు మాత్రమే ఆ పట్టికను పరిమితము చేసెను. 1956 లో సిక్కులును, 1990 లో బౌద్ధులును అందు చేర్పబడిరి. క్రైస్తవులు చేర్పబడలేదు. మన రాష్ట్రమున 1970 లో వెనుకబడిన తరగతుల పట్టికలో 'సి' విభాగమున నూటికొక్కటి కేటాయించిరి. 2023 లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వీరిని షెడ్యూలు కులములుగా గుర్తింపవలసినదని తీర్మానించి కేంద్రమునకు నివేదించెను. ప్రత్యేక నియోజకవర్గము వేఱు, ఈ పట్టిక వేఱు. రెంటిని కలిపి, అజరయ్యగారు వలదన్నందుననే మనకీ గతి పట్టినదని వాదించువారిని మేము సభలలో వినియున్నాము. అది చరిత్రకు న్యాయము గాదు. ఆయన వలదన్నది అధికారపు వాటాను. కాగితమున కులము చెరిగి వాడలో చెరగని బీదవాని కూడును గాదు. అయితే దేశము తన నమ్మికకు సాటి నమ్మిక చూపునని ఆయన తలచియుండిరి. ఆ పద్దు ఇంకను తీఱలేదు. ఒకే యింట అన్నకు ఒక ధ్రువపత్రము, తమ్మునికి ఒక ధ్రువపత్రము. తండ్రి సమాధిపై ఏ గుర్తు పెట్టవలెనని కార్యాలయమునకు జడిసి ఆలోచించు కుటుంబములను మేమెఱుగుదుము.

1919 లో తరంగంబాడిలో కొందఱు గురువులు కూడి సంఘములన్నియు ఏకము గావలెనని తలపెట్టినప్పుడు అజరయ్యగారు అందు ముఖ్యులు. ఆ పని ముగిసి దక్షిణ ఇండియా సంఘము వెలసినది 1947 సెప్టెంబరు 27 తేదీన. వారు దానిని చూడలేదు. 1945 జనవరి 1 తేదీన దోర్నకలుననే కన్ను మూసిరి.

వారి కట్టడము దోర్నకలు ఎపిఫనీ దేవాలయము. అది పూర్తియగుటకు ఇరువదియైదేండ్లు పట్టెను. 1939 జనవరి 6 తేదీన ప్రతిష్ఠ జరిగినది. గుమ్మటములు, మీనారులు మసీదును తలపించును. లోని రాతి స్తంభములు గుడి మండపమును తలపించును. రైలు దిగి నడచిపోవు తురకసోదరునికిని, హిందువునకును, అది పరదేశపు ఇల్లని తోపకూడదని వారి కోరిక. మేము మొదటిసారి పోయినపుడు ఆ స్తంభములకంటె ముందుగా మా కన్ను కానుకపెట్టెపై బడెను. ఏలయన, పల్లెజనము దానములు స్వీకరించుటే గాదు, తామును దానము చేయవలెనని ఆ మండలమున నేర్పిన పాఠము మేము పుట్టిన యింటిదే.

కోతల పండుగనాడు కోడిపుంజులు, గుమ్మడికాయలు, గ్రుడ్లు, జొన్నలు బల్లముందు రాశిపడెడివి. నిత్యము స్త్రీలు ఎసట బియ్యము పోయునపుడు ఒక పిడికెడు తీసి వేఱు కుండలో నుంచుదురు. ఆదివారము అది గుడికి పోవును. పంతులు జీతమున కొంత దానినుండియే వచ్చును. మా పితామహి కఱవుకాలమున సైతము పిడికెడు మానలేదని చెప్పుకొందురు. పిడికిలి మాత్రము కొంచెము చిన్నదాయెనని ఆమెయే ఒప్పుకొనెను. ఆ మట్టికుండ అంచున పగులు వాఱి నేటికిని మా యింట నున్నది. మా కోడలు అందు చింతపండు పోసికొనుచున్నది.